తెరవని కవరులో రాజీనామా

యొనాగో,
ఏప్రిల్ 3

మేనేజరు హమురా గారికి,

చెర్రీ పూలు విచ్చుకుంటున్న ఈ వేళ తమరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఒకే కప్పు కింద పనిచేస్తూ ఉత్తరం రాయడం వింతగానే ఉంది. కానీ "ఒక్క మాట" అని నేను నోరు తెరిచినప్పుడల్లా మీరు బాయిలరు గదిలోకి వెళ్లిపోతున్నారు. మార్చిలో పదకొండుసార్లు వెళ్లారు. దానికి అంత జబ్బేమీ లేదు.

మన లాండ్రీలో చొక్కాల ఇస్త్రీ సెక్షన్లో ఏడేళ్లు పనిచేశాను. మే 31తో మానేస్తాను. ఒకి దీవుల్లో ఒక బడి వంటశాలలో నాకు ఉద్యోగం వచ్చింది. జూన్ ఒకటిన చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. రాజీనామా విన్నపం జతపరిచాను. దయచేసి అంగీకరించండి.

విధేయురాలు,
కుసకబె మినోరి

తా.క.: ఆ బడిలో పిల్లలు నలభై ముగ్గురు. ఒక్కరి కాలరూ ఇస్త్రీ చెయ్యక్కర్లేదు.

*

ఏప్రిల్ 6

కుసకబె గారికి,

నిన్నటి వానకి పూలన్నీ రాలిపోయాయి. మీ ఉత్తరం కూడా నిన్ననే వచ్చింది.

విషయం తరవాత, ముందు ముద్ర సంగతి. పేరు పక్కన సంతకానికి బదులు వేసిన మీ ముద్ర నిటారుగా నిలబడి ఉంది. దానికి ఎడమ పక్క పడేది నా ముద్ర కదా. కిందివాళ్ల ముద్ర పైవాళ్ల వైపు కాస్త వంగాలి, దణ్ణం పెట్టినట్టు. ఇది ఏడేళ్లలో నేర్పలేదంటే తప్పు నాదే. కాగితం తిప్పి పంపుతున్నాను.

ఇక దీవి, వంట అంటున్నారు. చూడమ్మా, నాకు యాభై ఎనిమిదేళ్లు. వంట చెయ్యడానికి ఎవరూ సముద్రం దాటరు. పెళ్లి కుదిరిందని అర్థమైంది. సిగ్గుపడి చెప్పలేదు. పెళ్లయ్యాక కూడా ఇక్కడ పనిచేసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

శుభాకాంక్షలతో,
హమురా

తా.క.: సెక్షన్లో ఎవరికీ చెప్పలేదు. నోటీసు బోర్డు మీద మాత్రం పెట్టాను.

*

ఏప్రిల్ 10

హమురా గారికి,

కొత్త చివుళ్లు కనువిందు చేస్తున్నాయి. నాకు మాత్రం చూసే తీరిక లేదు. పొద్దుటి నుంచి అందరికీ ఒకటే చెబుతున్నాను: నాకు పెళ్లి కుదరలేదు.

ముద్ర ఎడమకి వంచి మళ్లీ వేశాను. ఇంకా వంగితే పడిపోతుంది. మే 31తో మానేస్తాను. దయచేసి అంగీకరించండి.

మినోరి

తా.క.: ఆ బోర్డు మీది కాగితం తీసెయ్యండి.

*

ఏప్రిల్ 17

కుసకబె గారికి,

గాలి ఆహ్లాదంగా ఉంది. పెళ్లి తప్పిపోయిందని విని అందరం బాధపడ్డాం. మంచి అబ్బాయి దొరక్కపోడు. సెక్షన్ వాళ్లంతా కలిసి మీ బల్ల దగ్గర కొత్త ఫ్యాను పెట్టించారు, మనసు కుదుటపడుతుందని.

ఇంత జరిగాక ఇప్పుడు వెళ్లడం ఎందుకు? పైగా చలి తగ్గింది కదా, ఇది చలికోట్లు ఉతకడానికి వేసే సీజను. ఊళ్లో కోట్లన్నీ మన దగ్గరే ఉన్నాయి. మీ బదులు మనిషిని మీరే వెతికి, పని నేర్పి, అప్పుడు చెప్పండి. అయినా మీరు పంపింది విన్నపం. విన్నపమంటే ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. నేను ఒప్పుకోలేదు.

మీ మేలు కోరే,
హమురా

తా.క.: ఫ్యాను మూడో నంబరు మీద తిప్పకండి. చొక్కాలు ఎగిరిపోతున్నాయి.

*

ఏప్రిల్ 24

హమురా గారికి,

ఎండ బాగానే ఉంది.

లేని పెళ్లి తప్పిపోయినందుకు వారం రోజులుగా నన్ను ఓదారుస్తున్నారు. నిన్న ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆవిణ్ణి నేను ఓదార్చాల్సి వచ్చింది. మీకు చెప్పుకోవడం, గోడకి చెప్పుకోవడం ఒకటే అయింది.

కార్మికుల సలహా కేంద్రానికి వెళ్లాను. అక్కడి ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "విన్నపం ఎందుకు పెట్టావమ్మా? అడిగితే కాదంటారు. అడక్కు, తెలియజెయ్యి," అన్నాడు. గడువు లేని ఉద్యోగమైతే మానేస్తున్నానని తెలియజేసిన రెండు వారాలకి చట్టప్రకారం బంధం తెగిపోతుందట. మీ అంగీకారంతో పని లేదట. బదులు మనిషిని వెతకడం యజమాని పనే తప్ప నా పని కాదట.

కాబట్టి విన్నపం వెనక్కి తీసుకుని, రాజీనామా నోటీసు ఈ కవరులో వేరుగా పెట్టాను.

మినోరి

తా.క.: నష్టపరిహారం అని బెదిరిస్తారేమో అని కూడా అడిగాను. ఆయన నవ్వాడు. చాలాసేపు నవ్వాడు.

*

మే 8

కుసకబె గారికి,

ఐరిస్ పూలు తలెత్తుతున్నాయి. ఉత్తరం మొదట మర్యాదగా రాయాల్సిన ఋతువు వర్ణనని మీరు ఒక్క ముక్కతో సరిపెట్టారు. పన్నుల ఆఫీసు వాళ్లు కూడా నాకింతకంటే మర్యాదగా రాస్తారు.

మీ కవరు నా బల్ల మీదే ఉంది. నేను తెరవలేదు. తెరవని ఉత్తరం అందినట్టు కాదు. అందుచేత అందులో మీరు రాసినట్టు మే 31న వెళ్లడం కుదరదు. సలహా కేంద్రం ఆయన నవ్వడం కూడా బాగాలేదు.

అసలు సంగతి నాకు ఇప్పుడు తెలిసింది. ఏటి అవతలి లాండ్రీవాళ్లు మిమ్మల్ని ఎగరేసుకుపోతున్నారు. వాళ్లెంత ఇస్తామన్నారో చెప్పండి, ఫ్యాను ఇంకోటి పెట్టిస్తాను.

హమురా

తా.క.: రాత్రి నిద్ర పట్టలేదు. వెళ్లకండి.

*

మే 12
విషయ ధ్రువీకరణ తపాలా

హమురా గారికి,

ఋతువు లేదు. పోస్టాఫీసువాళ్లు పేజీకి ఇరవై ఆరు వరుసలే ఇస్తారు.

మే 31తో ఉద్యోగం మానేస్తున్నాను. ఇది విన్నపం కాదు. ఇందులో ఏం రాశానో పోస్టాఫీసు దగ్గర ఒక నకలు ఉంటుంది. ఎప్పుడు మీకు చేర్చారో కూడా రాసి ఉంటుంది. మీరు తెరిచినా తెరవకపోయినా అందినట్టే. ఏడేళ్లలో వాడుకోని, జీతంతో కూడిన సెలవులు రేపటి నుంచి మే 31 దాకా వాడుకుంటున్నాను. రేపు రాను.

కుసకబె మినోరి

తా.క.: తాజా కలం కూడా వరుసల లెక్కలోకే వస్తుందని కౌంటరులో చెప్పారు.

*

మే 29

కుసకబె గారికి,

వానాకాలం వచ్చేట్టుంది. ఈ ఉత్తరం ఇంటి నుంచి రాస్తున్నాను.

మీ ఉద్యోగం ముగిసిన కాగితాలన్నీ ముద్ర వేసి ఇవాళే పోస్టు చేశాను. ఒకటో తారీకున నిశ్చింతగా చేరండి.

ఒక మాట ముందే చెప్పాల్సింది. ఆరేళ్ల కిందట నేనూ రాజీనామా పెట్టాను. మా ఆవిడ తొత్తోరి దగ్గర పియర్ పళ్ల తోట ఒక్కతే చూసుకుంటోంది. ప్రధాన కార్యాలయం వాళ్లు నీ బదులు మనిషిని తయారుచేసి వెళ్లు అన్నారు. ఏటా పెడుతున్నాను, ఏటా అదే జవాబు. ఆ మనిషి మీరేనమ్మా. మీకు చెప్పకుండా మిమ్మల్నే తయారుచేస్తున్నాను. మీరు మానేస్తానంటే నా కాళ్ల కింద నేల కదిలిపోయింది. నాకు జరిగిన అన్యాయమే నేను మీకు చేశాను. సిగ్గుగా ఉంది.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నేనూ ఆరేళ్లుగా పెట్టింది విన్నపమే. వెళ్లడానికి ఎవరినీ అడగక్కర్లేదని ఈ వయసులో తెలిసింది. మీ ఉత్తరం పక్కన పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా రాసి పోస్టాఫీసులో ఇచ్చాను. జూన్ 15తో నేనూ బయటపడతాను. మా ఆవిడకి ఫోన్లో చెప్పాను. బూట్లు కొత్తవి కొనుక్కురా, తోటంతా బురద అంది.

కృతజ్ఞతలతో,
హమురా

తా.క.: ప్రధాన కార్యాలయం నుంచి సిబ్బంది విభాగం పెద్దాయన ఫోను చేశాడు. చలికోట్ల సీజనులో ఇదేం ద్రోహమని అరగంట చివాట్లు పెట్టాడు. ఆ తరవాత గొంతు తగ్గించి, ఆ ధ్రువీకరణ తపాలా పోస్టాఫీసులో ఏ కౌంటరులో తీసుకుంటారని అడిగాడు.