మణి కెమెరాకి పెన్సిల్ సెల్లులు

కిరందుల్, ఆదివారం రాత్రి.

చెల్లి మణికి ఇద్దామని జగదల్‌పూర్‌లో డిజిటల్ కెమెరా కొన్నాను. మణి పాఠాలు చెప్పే గొల్లపల్లిలో కరెంటు లేదు కదా, చార్జింగ్ పెట్టేది దండగని పెన్సిల్ సెల్లులతో నడిచేదే ఎంచుకున్నాను. చవక కూడా. మురిపెం కొద్దీ నలభై సెల్లులు విడిగా తెచ్చాను.

సంచి చూసి మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ఇన్ని సెల్లులేటండీ? దార్లో నాకా కాడ పోలీసులు చూస్తే, బాంబులకి పట్టుకెళ్తన్నాదని పిల్లని బస్సు దింపెయ్యరా?"

నక్సలైట్లు పేల్చిన రైలు పట్టాల పక్కన ఇలాంటి సెల్లులే పడి ఉండటం నా కళ్లతో చూసిన గ్యాంగ్‌మన్‌ని. నాకెందుకు తట్టలేదు?

మణి మాత్రం నవ్వేసింది. "రెండు చాలన్నియ్యా. మా పిల్లల్లో ఒక్కడికీ ఫొటో అన్నదే లేదు. తలా ఒకటి తీసెత్తాను."

మిగతావి బీరువాలో దాచాను. ఆ రెండు కూడా అనుమానమే. కెమెరాలోంచి తీశాను, మళ్లీ పెట్టాను. ఇది మూడోసారి. పని చేస్తుందో లేదోనని ఆన్ చేసినప్పుడల్లా, సాయంత్రం పరీక్షకని తీసిన మణి ఫొటోయే ముందు వస్తోంది. నా దగ్గర దానిది వేరే ఫొటో లేదు. పొద్దున్నే బస్సులో ఇదీ దానితోనే వెళ్ళిపోతుంది.