భూరీకి నచ్చిన ఓఢ్నీ

బేర్ సరాయ్, న్యూఢిల్లీ
12-2-1995

మూగజీవాల పాలిటి దేవతవైన హైమక్కకు,

ముందుగా నా క్షమాపణలు స్వీకరించు. ఈ ఉత్తరం వల్ల మన ఇంటిపేరుకూ, నువ్వు చదివిన పశువైద్య కళాశాలకూ, నేను చదివిన బాపట్ల వ్యవసాయ కళాశాలకూ, వీలుంటే భారత ప్రభుత్వానికీ కలగబోయే అప్రతిష్ఠకు నేనొక్కణ్ణే బాధ్యుణ్ణని లక్ష్మీపతి బావ సాక్షిగా ఒప్పుకుంటున్నాను. ఇంతకంటే గొప్ప క్షమాపణ రాయడం నాకు చేతకాదు. ఇందులో నా తప్పు ఆవగింజంత కూడా లేదు గనక, అవసరమూ లేదు.

జరిగిందేమిటంటే, వీళ్ళు నన్ను పశువుల డాక్టర్ని చేశారు.

తప్పంతా ఆవాలది. మా ఇంటి ఓనరు సత్బీర్ బావమరిది ఝజ్జర్ దగ్గర ఆవ పంట వేశాడు. చేనుకి పేనుబంక పట్టిందని వచ్చి మా మెట్ల మీద కూర్చుని గోల పెట్టాడు. సివిల్స్‌కి చదువుకుంటున్నవాణ్ణి, పుస్తకం పట్టుకుని పక్కనుంచి పోవచ్చు కదా, పోలేదు. "పురుగు మొదలైన కొమ్మల చివళ్ళు తుంచి తగలబెట్టు. అప్పటికీ తగ్గకపోతేనే మందు కొట్టు. అదీ సాయంత్రం, తేనెటీగలు వెళ్ళిపోయాక" అన్నాను. అతను పోయి అచ్చంగా అలాగే చేశాడు. చేను నిలబడింది. సత్బీర్ గల్లీ అంతా తిరిగి "హమారే డాక్టర్ సాహబ్" అని చాటించాడు.

"భయ్యా, నేను చదివింది పంటలు. పశువులు కాదు" అన్నాను.

"పంట తినేదెవరు? పశువేగా. ఏక్ హీ బాత్ హై" అన్నాడు.

దీనికి సమాధానం మా సిలబస్‌లో లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఊరి పొలాలన్నీ ఎప్పుడో ప్రభుత్వం తీసుకుంది. పొలాలు పోయినా కొన్ని ఇళ్ళలో గేదెలు మిగిలాయి. మా గది కింద కొట్టంలో ఉండే భూరీ అలాంటిదే. సత్బీర్ వాళ్ళమ్మది అది. ఆవిణ్ణి గల్లీ మొత్తం తాయీ అంటుంది, అంటే పెద్దమ్మ. చలికి దూడ చచ్చిపోయాక భూరీ తాయీకి తప్ప ఇంకెవరికీ పాలు చేపడం మానేసింది. పోయిన వారం తాయీ తడి మెట్ల మీద జారి కుడి చెయ్యి విరగ్గొట్టుకుంది. సత్బీర్ పితకబోతే తన్నింది. పాలవాణ్ణి పిలిస్తే వాణ్ణీ తన్నింది. ఎవడో సూది వేస్తే పాలు వాటంతటవే కారతాయని సూదిమందు పట్టుకొచ్చాడు. తాయీ ఎడం చేత్తో కర్ర తీసుకుని వాణ్ణి వీధి చివరిదాకా తరిమింది. ఆ ఒంటిచేత్తోనే పిండగలిగినంత పిండుతోంది, గిన్నెడు కూడా రావడం లేదు.

సత్బీర్‌కి గేదెను అమ్మేసి, కొట్టం కూలగొట్టి గదులు కట్టాలని ఉంది. "గేదె తన్నుతుంది. కిరాయిదారు తన్నడు" అంటాడు. పాలివ్వని గేదెకు ధర రాదని ఆగాడు, అంతే. తాయీ ఏమో, "దాన్ని అమ్మేస్తే పొద్దున్నే లేచి ఎవడి మొహం చూడను? వీడిదా?" అంటుంది. ఇద్దరూ ఒక్క విషయంలోనే ఏకమయ్యారు, డాక్టర్ సాహబ్ ఏదో ఒకటి చెయ్యాలని. నేను పుస్తకం తెరిస్తే చాలు, కింద భూరీ అరుస్తుంది.

వెంటనే జవాబు రాయి. లేకపోతే నేనే అరుస్తాను.

ఇట్లు,
డాక్టరు కాని నీ తమ్ముడు
కిరీటి


అవనిగడ్డ
20-2-1995

ఒరేయ్ కిరీటీ,

నీ క్షమాపణ చదివి బావ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పొదుగులో పాలు నిలవుంటే జబ్బు చేస్తుందిరా. ఉత్తరాలు రాసుకుంటూ కూర్చునే పనేనా అది? దగ్గర్లో పశువుల ఆసుపత్రి ఉంటే ముందు అక్కడ చూపించు. ఈలోగా ఇలా చెయ్.

పొదుగు వేడిగా, గట్టిగా ఉందేమో చెయ్యి పెట్టి చూడు. మొదటి ధారలు నల్లగుడ్డ మీద పిండి, పలుకులు కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తు. లేకపోతే గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి, మెల్లగా మర్దనా చేసి, కాసేపు ఆగు. ముందర దాణా పెట్టు. రోజూ అదే వేళకి, అదే మనిషి కూర్చోవాలి. బొటనవేలు మడిచి లాగొద్దు, పిడికిలి నిండా పట్టి పిండు. చివరి చుక్కదాకా పిండాలి. సూదులు వద్దు. అలవాటు చేస్తే తర్వాత సూది లేకుండా చేపదు. పచ్చి బర్సీమ్ మేత ఒక్కటే వేస్తున్నారేమో చూడు, కడుపు ఉబ్బుతుంది. ఎండు గడ్డి కలపమను.

అన్నిటికంటే ముఖ్యం, తాయీ రోజూ కప్పుకునే గుడ్డ ఏదైనా, ఉతకనిది, నువ్వు కప్పుకుని కూర్చో. గేదె మనిషిని వాసనతో గుర్తుపడుతుంది. ఇక్కడ మీసాలున్నవాళ్ళే పెళ్ళాం చీర చుట్టుకుని పితుకుతున్నారు. నీకేం వచ్చింది సిగ్గు?

గుడ్డలంటే గుర్తొచ్చింది. దసరాకి వచ్చినప్పుడు నువ్వు తెచ్చిన మూట ఉతికేసరికి నా నడుం పోయింది. బట్టలు ఉతుక్కోవడం నేర్చుకో. కలెక్టరైనా అది తప్పదు.

అక్క
హైమవతి


బేర్ సరాయ్
6-3-1995

హైమక్కకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. అదే కొంప ముంచింది.

తాయీ తన ముసుగు గుడ్డ ఇచ్చింది, ఇక్కడ ఓఢ్నీ అంటారు. ఒకప్పుడు పసుప్పచ్చది అయివుంటుంది. దాని నిండా పేడ, ఆవనూనె, హుక్కా వాసన. నెత్తి మీంచి కప్పుకుని, ముక్కు మూసుకుని, కొట్టంలో కూర్చున్నాను. మా గదిలో ఉండే అనంతపురం త్యాగరాజు మెట్ల మీద నిలబడి, "ఏమప్పా కిరీటీ, కొంగు సరిగ్గా కప్పుకో, మామగారు వస్తాండాడు" అన్నాడు. వాణ్ణి తిట్టడానికి నోరు తెరిస్తే తాయీ మంచం మీంచి, "చుప్. అది మాటలు వింటోంది" అంది.

భూరీ మెడ తిప్పి ఓఢ్నీని వాసన చూసింది. నా చెవి కూడా నాకింది. తర్వాత నిట్టూర్చింది. మన మామ్మ కాళ్ళు పట్టించుకునేటప్పుడు నిట్టూర్చేది చూడు, అచ్చం అలా. నా చేతుల్లో పొదుగు సడలింది. చేపింది అక్కా. బకెట్లో ధార పడ్డ చప్పుడు విని త్యాగరాజు కూడా మెట్లు దిగి చూడ్డానికొచ్చాడు. సివిల్స్ ఇంటర్వ్యూలో మీ జీవితంలో సాధించినదేమిటని అడిగితే ఇదే చెబుతాను.

అప్పట్నించీ పొద్దునా సాయంత్రమూ నేనే. కోచింగ్ క్లాసుకి ఆలస్యం, సినిమాకి సెలవు. ఆగ్రా పోదామంటే భూరీ. జ్వరమొచ్చినా భూరీ. క్లాసులో నా పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి. ఇదంతా ఓర్చుకున్నాను.

నిన్న సత్బీర్ లడ్డూల డబ్బాతో పైకి వచ్చాడు. "డాక్టర్ సాహబ్, మీ దయ. ఇప్పుడు గేదె అమ్ముడుపోతుంది" అన్నాడు.

అర్థమైందా? పాలివ్వనన్నాళ్ళూ అది క్షేమంగా ఉంది. నేను పాలు పిండి దానికి ధర తెచ్చాను. నజఫ్‌గఢ్ వైపు నుంచి వ్యాపారి వస్తున్నాడు. ఇక్కడ గేదెను నోటిమాట మీద కొనరు. కొనేవాడు నిలబడి, పొద్దునా సాయంత్రమూ తన కళ్ళముందు పిండించుకుని చూస్తాడు. పిండాల్సింది నేను. బేరం కుదిరితే కొత్తగా కట్టే వాటిలో కిటికీ ఉన్న గది నాకిస్తానన్నాడు సత్బీర్. ఇప్పుడున్న గదిలో కిటికీ అంటే క్యాలెండర్లో బొమ్మ. పైగా గేదె పోతే నా చదువు నాకు దక్కుతుంది.

నేను పిండనంటే? "సూదివాడు ఉన్నాడుగా" అన్నాడు.

కిందికి వెళ్ళి తాయీకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ ఒంటిచేత్తో బఠాణీలు ఒలుస్తూ, "నువ్వు మంచే చేశావు బేటా. దాని పొదుగు బాగుపడింది" అంది. తిట్టినా బాగుండేది. సత్బీర్ చిన్నప్పుడు భూరీ అమ్మమ్మ పాలు తాగి పెరిగాడట. ఆ మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. బఠాణీలు నాకే ఇచ్చింది, కూర వండుకోమని.

కిటికీ గురించి రాత్రంతా ఆలోచించాను. అబద్ధం చెప్పను.

ఇట్లు,
అనవసరంగా పని నేర్చుకున్న
కిరీటి


బేర్ సరాయ్
27-3-1995

హైమక్కకు,

వ్యాపారి పొద్దున్నే వచ్చాడు. తలపాగా, చేతిలో సొంత బకెట్టు. సత్బీర్ ఇంటి బకెట్టుని కూడా నమ్మని మనిషి. నేను యథావిధిగా ఓఢ్నీ కప్పుకున్నాను. గోరువెచ్చని నీళ్ళు, మర్దనా, దాణా, నువ్వు చెప్పినవన్నీ వరసగా చేశాను. ఒక్కటీ వదల్లేదని దేవుడి మీద ప్రమాణం చెయ్యగలను.

భూరీ మెడ తిప్పి వాసన చూసింది. ఇంకోసారి చూసింది. మొన్నటిదాకా చెవి నాకిన గేదె నన్ను ఆదాయపన్ను వాణ్ణి చూసినట్టు చూసింది. వ్యాపారి సొంత బకెట్టు కొట్టం గోడకు తగిలి సొట్టపడింది. నేను పేడలో కూర్చున్నాను.

"రోజూ ఇస్తుంది చౌధరీ, కసమ్ సే" అన్నాడు సత్బీర్.

"మరి ఈ రోజు వ్రతమా?" అన్నాడు వ్యాపారి.

సత్బీర్ కంగారుపడి సూదివాణ్ణి పిలవమని ఎవరికో సైగ చేశాడు. వ్యాపారి అది చూశాడు. "సూదికి అలవాటు పడిన గేదె నాకొద్దు" అని సొట్ట బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ దారిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. ఇక ఈ చుట్టుపక్కల భూరీని కొనే మొనగాడు లేడు.

తాయీ మంచం మీంచి లేచి వచ్చి నా నెత్తి మీది ఓఢ్నీ తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నా వంక చూసింది. తర్వాత మొహం అందులో దాచుకుంది. భుజాలు కదులుతుంటే సత్బీర్ ఏడుస్తోందనుకుని, "సరేలే అమ్మా, గదులు మేడ మీదే కట్టుకుంటాను" అన్నాడు. ఆ సాయంత్రం తాయీ తన ఒంటిమీది ఓఢ్నీ తీసి నాకిచ్చింది. భూరీ బకెట్టు నింపింది. పొదుగు గురించి నువ్వు దిగులుపడకు.

కిటికీ గది పోయింది. సత్బీర్ నన్ను డాక్టర్ సాహబ్ అనడం మానేసి, "ఏయ్ మద్రాసీ" అంటున్నాడు. ఆ ఒక్కటీ లాభం. తాయీ కట్టు విప్పేదాకా రెండు పూటలా నాకు కొట్టమే గతి. పరీక్ష జూన్‌లో. తలకు ఎన్నిసార్లు సబ్బు రుద్దినా ఆవనూనె వాసన పోవడం లేదు.

ఏం చేశావని నువ్వు అడుగుతావు. ఏమీ చెయ్యలేదు. వ్యాపారితో అబద్ధమాడలేదు, గేదెను గిల్లలేదు, దాణాలో ఏదీ కలపలేదు. చేసింది ఒక్కటే. ముందురోజు సాయంత్రం పాలు పితికాక ఆ ఓఢ్నీని సర్ఫులో నానబెట్టి, పసుప్పచ్చ రంగు బయటపడేదాకా బండకేసి బాది, మేడ మీద ఆరేశాను.

బట్టలు ఉతుక్కోవడం నేర్చుకోమని నువ్వే అన్నావు.

ఇట్లు,
ఉతకడం వచ్చిన నీ తమ్ముడు
కిరీటి