ఒక్క మేకు

అమ్మా,

అందరం కులాసా. ఇల్లు దొరికింది, ఇక నువ్వు బయల్దేరొచ్చు. స్టేషన్‌కి దగ్గర, కొత్త అపార్ట్‌మెంట్, ఇంకా రంగు వాసన కూడా పోలేదు. ఆ కొత్తదనంతోనే ఓనరు నా ప్రాణం తోడేస్తున్నాడు. గోడ మీద చెయ్యి వేస్తే చాలు, "కొత్త గోడమ్మా!" అని ఉలిక్కిపడతాడు. మేకు కొట్టకూడదట! "మరి గాల్లో వేలాడదీయమంటారా?" అన్నాను. నీ అల్లుడేమో కుళాయి తిప్పి చూస్తూ నిలబడ్డారు. గుమ్మంలోనే పోట్లాడి పోట్లాడి ఒక్క మేకుకి ఒప్పించాను. ఇప్పుడేమో ఈయన గడియారానికంటారు, నీ మనవరాలు అద్దానికంటుంది. నీ మోకాళ్లెలా ఉన్నాయి? దుప్పటి మరిచిపోకు, ఇక్కడ చలి. పిన్నిని అడిగానని చెప్పు. నాన్న ఫోటో పెట్టెలో కుక్కేయకు, ఒళ్లో పెట్టుకుని రా. ఆ మేకు ఆయనదే.

నీ పెద్దది