వారానికి సరిపడా వంట

తెనాలి,
9-8-88, మంగళవారం.

ప్రియమైన ఎస్తేరుకి,

ప్రభువు కృప నీకు తోడుగా ఉండాలని కోరుకుంటూ, ఇక్కడ నేనూ, పిల్లలు కృపా రూతూ ముగ్గురం క్షేమమని, బాపట్ల హాస్టల్లో నువ్వూ క్షేమమేనని తలుస్తూ రాసే సంగతులు.

నిన్న తెల్లారి నీ బండి కదిలాక నేను రేపల్లె బండి కోసం పక్క ప్లాట్‌ఫారానికి వెళ్లాను. పెళ్లాం టీచరు ట్రైనింగుకి ఒక బండి, మొగుడు ఆఫీసుకి ఇంకో బండి. ఆఫీసులో చెబితే అందరూ నవ్వారు. నీకు మాత్రం నవ్వు రాలేదు. బండి కదులుతుంటే కిటికీలోంచి నువ్వన్న చివరి మాట కూడా పులుసు రెండు పూటలా కాగబెట్టమనే.

కాగబెడుతున్నాను. గోడకి నువ్వు అంటించిన కాగితం ప్రకారమే అంతా నడుస్తోంది. సోమ, మంగళవారాలు కొరమీను పులుసు, బుధవారం గోంగూర మాంసం, గురువారం పులిహోర పులుసు వేడన్నంలో కలుపుకోవడం, ఆ తర్వాత పచ్చడీ, కందిపొడీ, శనివారం రాత్రికి నువ్వు. నేను రోజూ అన్నం ఒక్కటే వార్చుకుంటున్నాను. బియ్యం కడిగేముందు కృప పిడికెడు తీసి గుడి డబ్బాలో వేస్తోంది. పులుసు ఇవాళ్టికి ఇంకా బాగా ఊరింది. రూతు గిన్నె నాకేసిందంటే నమ్ము. రైల్లో నేను కారియర్ మూత తీస్తే చాలు, మా ఆఫీసు వెంకట్రామయ్య గారు ఏం వాసనండీ అంటూ ముక్కు ఎగబీలుస్తారు. పాపం, భార్య పోయాక ఒక్కడే వండుకుని తింటున్న మనిషి.

మా అమ్మ కొల్లూరు నుంచి అరటికాయలు పంపింది. ఆవిడ మాటలు మనసులో పెట్టుకోకు. ఆడది పొయ్యి వదిలేసి బాపట్ల పోతే పిల్లల కడుపు ఎవరు నింపుతారే అని ఆవిడ అడగడం తప్పే. కానీ నువ్వూ తగ్గలేదుగా. నేనే నింపుతానత్తయ్యా, నా చేతి కూర లేక పిల్లలు ఒక్కపూట ఇబ్బందిపడ్డారని తెలిసినా ఆరోజే ట్రైనింగు మానేసి వచ్చేస్తాను అని గుమ్మంలో నిలబడి ఒట్టేసినంత పని చేశావు. నువ్వు అన్నంత పనీ చేస్తావని నాకు తెలుసు.

ఒకటే బాధగా ఉంది. మొన్న ఆదివారం తెల్లారి లేచి స్టవ్వు ముందు కూర్చున్నదానివి, మేం గుడికి వెళ్లొచ్చేసరికీ అక్కడే ఉన్నావు. నూనె చింది ముంజేయి బొబ్బలెక్కింది. నేనేమో పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. రాత్రంతా అదే గుర్తొచ్చింది. బొబ్బ తగ్గిందో లేదో రాయి.

ఇట్లు
నీ సంజీవరావు

&nbsp;

తెనాలి,
6-12-88.

ప్రియమైన ఎస్తేరుకి,

దేవుడు నీకు మంచి ఆరోగ్యమూ, మనసుకి నెమ్మదీ ఇవ్వాలని ముగ్గురం ప్రార్థన చేసుకుంటున్నాం. ఇక్కడ అంతా క్షేమం. చలి మొదలైంది. రూతుకి కొంచెం జలుబు చేసింది, తగ్గిపోయింది.

నీ ఉత్తరం అందింది. అర్ధసంవత్సర పరీక్షల్లో రెండు సబ్జెక్టులు తప్పానని రాశావు. సోమవారం మధ్యాహ్నం క్లాసులో నువ్వు కునుకు తీస్తే మీ టీచరమ్మ లేపి, ఆదివారం ఇంటికెళ్లి ఏం చేస్తావమ్మా అని అడిగారని, వారానికి సరిపడా వంటండీ అని నువ్వంటే, ఏప్రిల్లో కూడా ఇలాగే తప్పితే ఈ ఏడాదంతా బూడిదలో పోసిన పన్నీరే అవుతుందని అన్నారని రాశావు. ఆ ఉత్తరం రైల్లో చదివాను. వెంకట్రామయ్య గారు ఏమైందండీ అని అడిగితే, కంట్లో నలక పడిందని చెప్పాను.

నువ్వు తెలివి తక్కువదానివి కాదు ఎస్తేరూ. పుస్తకం తెరిచే తీరిక లేనిదానివి. వారంలో ఉన్న ఒక్క సెలవు రోజూ మా గిన్నెల్లోకే పోతోంది. మీ వాళ్లంతా సూర్యలంక షికారుకెళ్లిన ఆదివారం కూడా నువ్విక్కడ వెల్లుల్లి ఒలుస్తూ కూర్చున్నావు. మొన్న గుడి పిడికెడు బియ్యం కోసం బైబిలు ఉమన్ సుందరమ్మగారు వచ్చి, ఏంటి బాబూ, అమ్మాయి ఊళ్లో ఉండి కూడా ఆరాధనకి రావడం లేదు అని అడిగారు. చదువుకుంటోందండీ అన్నాను. అది ఎంత అబద్ధమో నాకే తెలుసు.

అందుకే స్టేషన్లో, ఇకనుంచి రెండు వారాలకోసారి వస్తే చాల్లే అన్నాను. దానికి నువ్వు రాసిన జవాబు చూస్తే వేరే పొయ్యి అక్కర్లేదనిపించింది, అంత మండింది. నా చేతి వంట చేదైందా, లేకపోతే మీ అమ్మ మాటే నెగ్గాలా అని అడిగావు. అబ్బే, అదేం కాదు. నీ వంటకి వంక పెట్టేవాడు ఈ వీధిలో లేడు. శనివారం నువ్వొచ్చేసరికి గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉంటున్నాయి కదా, నువ్వే చూస్తున్నావు కదా. ఒక్క మెతుకు వదలడం లేదు మేం.

సరే, నీ ఇష్టం వచ్చినట్టే కానీ. ఈ శనివారం బండి దిగేసరికి నేనూ పిల్లలూ స్టేషన్లో ఉంటాం. గోంగూర కొని ఉంచుతాను. నీ పుస్తకాలు కూడా తెచ్చుకో, కూర ఉడికేలోపు రెండు పేజీలైనా చూడొచ్చు. ఇలా రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఇట్లు
నీ సంజీవరావు

&nbsp;

తెనాలి,
8-3-89.

ప్రియమైన ఎస్తేరుకి,

ఈ శ్రమకాలంలో ప్రభువు నీకు బలాన్నివ్వాలని కోరుతున్నాను. మేం కులాసా. నువ్వు కులాసాగా ఉన్నానని రాసినా నేను నమ్మడం లేదు. మొన్న వచ్చినప్పుడు నీ చీర కుచ్చిళ్లు ఒకటికి రెండు మడతలు ఎక్కువ పడుతున్నాయి.

పరీక్షలు దగ్గరికొచ్చేశాయి. ఈ వారం రాకు ఎస్తేరూ. ఆ తర్వాత కూడా పరీక్షలు అయ్యేదాకా రాకు. కిరసనాయిలు దొరకడం లేదు. మా అమ్మ కూడా వస్తానంటోంది, నాలుగు రోజులుండి ఏదో ఒకటి వండి పెడుతుంది. రేపల్లెలో మా ఆఫీసు దగ్గర కొత్తగా మెస్సు పెట్టారు, నాకు అక్కడ జరిగిపోతుంది. పిల్లలకి రెండు పూటలు పప్పుచారుతో గడిచిపోతే ఏమీ కాదు.

ఈ కారణాలన్నీ నువ్వు ఒక్కొక్కటే కొట్టేస్తావని తెలుసు. కిరసనాయిలు లేకపోతే బొగ్గుల కుంపటి ఉందంటావు. మీ అమ్మ వస్తే నేనోడిపోయినట్టే అంటావు. పోయినసారి నువ్వు అన్న మాట నన్ను పట్టుకుని వదలడం లేదు. చదువు పోతే ఇంకో ఏడాది చదువుకుంటాను, పిల్లల కడుపు మాడితే ఆ ఏడాది తిరిగొస్తుందా అన్నావు. ఇంకో ఏడాది ఎవరిస్తారు ఎస్తేరూ? ఈ సీటు ఎంత కష్టపడితే వచ్చిందో నీకు తెలీదా? పరీక్ష పాసైతే నువ్వు టీచరువి అవుతావు. తప్పితే జీవితాంతం ఈ స్టవ్వు ముందే. అది నీకన్నా నాకే ఎక్కువ భయంగా ఉంది.

నేను చెప్పినట్టు ఒక్కసారి విను. ఎందుకని అడక్కు.

ఇట్లు
నీ సంజీవరావు

తా.క.: ఉత్తరం మడిచి జిగురు రాయబోయి ఆగిపోయాను. ఇన్‌లాండు కాగితంలో చోటు లేక ఇంకో కాగితం తీశాను, రెండూ కలిపి కవర్లో పెడతాను. ఎందుకని అడక్కు అని రాసి పంపితే నువ్వు శుక్రవారమే బండెక్కేస్తావు. కాబట్టి చెప్పేస్తున్నాను.

నువ్వు వండిపెట్టి వెళ్లే కూరలు మేం తినడం లేదు. మొదటి నెలలోనే మంగళవారం మధ్యాహ్నానికి పులుసు నురగ కట్టింది. నేనే తడిగరిటె పెట్టానేమో అనుకున్నాను. తర్వాతి వారం గరిటె తుడిచి పెట్టినా అంతే అయింది. పక్కింటి మున్నీసక్క గోడ అవతల్నుంచే వాసన పట్టి, తమ్ముడూ, అది పిల్లలకి పెట్టమాక, కడుపులు చెడిపోతాయి అంది. గోంగూర మాంసం బుధవారం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. ఎన్నిసార్లు కాగబెడితే మాత్రం ఏముంది, మన వంటిల్లే పొయ్యిలా ఉంటుందాయె. చలికాలంలో ఇంకో పూట ఎక్కువ నిలిచాయేమో, అంతే. పచ్చళ్లూ, పొడులూ, పులిహోర పులుసూ నిలిచాయి. మిగతావన్నీ పెరట్లో గొయ్యి తీసి పోశాను. గిన్నెలు తోమి బోర్లించింది తిన్నందుకు కాదు. రూతు గిన్నె నాకేసిందని నీకు రాసిన రోజు, ఆ గిన్నె పారబోసి చేతులు కడుక్కుని వచ్చి రాశాను.

వెంకట్రామయ్య గారు నా కారియర్ని మెచ్చుకున్నదీ లేదు. నా అవస్థ చూసి, పప్పు ఎలా వండాలో, పులుసులో చింతపండు ఎంత వేయాలో వేమూరు నుంచి భట్టిప్రోలు దాకా ఆయనే చెప్పుకొచ్చారు. అలా రైల్లో వంట నేర్చుకుని, రోజూ తెల్లారకముందే లేచి ఏదో ఒక కూర వండుతున్నాను. పిల్లలు ఒక్కపూట కూడా పస్తు లేరు. మొదట్లో మాడ్చాను, ఇప్పుడు ఫరవాలేదు. కాబట్టి మా అమ్మ ముందు నువ్వన్న మాట గుర్తు చేసుకుని ట్రైనింగు మానేయాల్సిన పనేమీ లేదు.

చెబితే మానేసి వచ్చేస్తావని భయపడ్డాను. చెప్పకపోతే నీ ఆదివారాలన్నీ ఆ గోతిలోకే పోయాయి. ప్రతి శనివారం రాత్రీ చెప్పేద్దామనుకుంటాను. నువ్వు సంచి కింద పెట్టకుండానే బోర్లించిన గిన్నెలు చూసి తృప్తిగా నవ్వుతావు. ఇంక ఆ మాట పక్కనపెట్టి నీ సంచి అందుకుంటాను. నీ చదువు నిలబెట్టాలని దాచాను, దాచి దాన్నే కూలదోశాను. తప్పిన ఆ రెండు సబ్జెక్టులూ నువ్వు తప్పలేదు, నేను తప్పించాను. క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు.

ఇంతకన్నా పెద్ద పాపం ఇంకోటుంది. అమ్మ అడిగితే అన్నీ తిన్నాం, బాగున్నాయి అని చెప్పండర్రా అని పిల్లలకి నేర్పాను. అన్నం ముందు చేతులు జోడించి ప్రార్థన చేసే పిల్లలు, అదే నోటితో నీకు అబద్ధం చెబుతున్నారు. రూతుకి మొదట్లో నవ్వొచ్చేసేది. ఇప్పుడు తడబడకుండా చెబుతోంది.

నిన్న కృప నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతూ, నాన్నా, ఈ ఆదివారం అమ్మకి నిజం చెప్పేద్దామా అంది. ఎందుకే, అమ్మ ఏడుస్తుందిగా అన్నాను. ఏడిస్తే ఏడుస్తుందిలే నాన్నా, తర్వాతైనా వంటింట్లోంచి బయటికొచ్చి మన దగ్గర కూర్చుంటుంది కదా అంది.

అంతవరకూ నాకు తట్టనే లేదు ఎస్తేరూ. ఇన్నాళ్లూ కూరలు పాడవుతున్నాయనీ, నీ చదువు పాడవుతోందనీ కుమిలిపోయాను కానీ, నువ్వు ప్రతి వారం ఇంటికొస్తున్నా పిల్లలకి దొరకడం లేదని గమనించలేదు.

పైన రావద్దని రాసిందంతా కొట్టెయ్. ఈ శనివారం రా. పుస్తకాలు తీసుకుని రా. వంటింట్లోకి మాత్రం అడుగు పెట్టొద్దు. పగలంతా పిల్లల్ని చెరో పక్కన కూర్చోబెట్టుకుని చదువుకో, అన్నం నేను పెడతాను. కోపముంటే తిట్టు, మున్నీసక్కకి వినబడినా ఫరవాలేదు. నేను వండింది నోట్లో పెట్టుకున్నాక బాగాలేకపోతే, బాగాలేదని పిల్లల ఎదురుగానే చెప్పు. ఈ ఇంట్లో ఆ మాట అనొచ్చని వాళ్లు నీ దగ్గరే నేర్చుకోవాలి.