మూడో పెడల్

మేడ్చల్,
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు,

నీ చెల్లెలు స్వప్న నమస్కరించి రాస్తున్నది. కుట్లు పూర్తిగా మానాయా? బరువులు ఎత్తొద్దని డాక్టర్ చెప్పింది మరిచిపోకు. నీళ్ల బిందె పెద్దబావ చేత మోయించు, మొహమాటపడకు. చిన్నదానికి దగ్గు తగ్గిందా? ఇక్కడ మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. మొదటి వానలు పడ్డాయి. మా కాలనీ రోడ్డు ఎప్పటిలాగే బురద. నువ్వు కట్టిచ్చిన మామిడికాయ తొక్కు సగం అయిపోయింది.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఫోన్ చేస్తే స్పీకర్లో పెట్టి కూరగాయలు తరుగుతూ మాట్లాడతావు. ఇంట్లో అందరూ వింటారు. సగం చెప్పగానే "పోనీలే, సర్దుకపో" అంటావు. ఈ ఒక్కసారి నా మాట చివరిదాకా వినాలని రాస్తున్నాను. పరేషాన్ కాకు, ఇల్లు విడిచి రావడం లేదు. కానీ కోపంగా ఉన్నాను. నెల రోజుల నుంచి కోపంగానే ఉన్నాను.

నీ ఆపరేషన్‌కు వచ్చే ముందు నా కారు షామీర్‌పేట దారిలో ఆగిపోయిందని చెప్పాను కదా. మహేందర్ బావ వచ్చి చూశాడు. మా ఆయన శ్రీకాంత్ వాళ్ల అన్న. మచ్చ బొల్లారంలో ఉంటాడు, ఫిట్టర్ పని చేస్తాడు. బానెట్ ఎత్తి ఒక్క నిమిషం చూసి "గేరు డబ్బా పోయింది" అన్నాడు. నేను వచ్చేదాకా ఎవరూ ముట్టొద్దని, వచ్చాక తెలిసిన మెకానిక్‌కు చూపిస్తానని ఇద్దరికీ చెప్పి బస్సెక్కాను. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పాను.

ఎనిమిది రోజులు మీ దగ్గర ఉండి వచ్చి గేటు తీసేసరికి, వాకిట్లో ఇద్దరూ చేతులకు నల్లటి గ్రీజుతో నిలబడి నవ్వుతున్నారు. కారు కడిగి పెట్టారు. శ్రీకాంత్ డ్రైవర్ సీటు వైపు తలుపు తీసి "ఎక్కి చూడు" అన్నాడు. లోపల రెండు పెడల్స్ ఉండాల్సిన చోట మూడు ఉన్నాయి. సీట్ల మధ్యన కొత్తగా పొడుగాటి గేర్ రాడ్డు.

"ఎట్లుంది?" అన్నాడు. "షెడ్డుకు పోకుంట ఇంట్లనే జేసినం. ఆరు దినాలు పట్టింది. నేను సెలవు వెట్టిన."

"గా ఆటోమేటిక్ ఎప్పటికైనా పరేషానే," అన్నాడు మహేందర్ బావ. "ఇదే మోడలు గేర్ల బండి ఒకటి పాత సామాన్లల్ల దొరికింది. దాని క్లచ్, గేర్ రాడ్డు, వైర్లు, కంప్యూటర్ అన్నీ దీనికేసినం. ఇగ ఇది అసలు బండి అయింది."

"మరి నేనెట్ల నడపాలె?" అన్నాను.

"నేర్చుకో. పది రోజులల్ల వస్తది."

"నా కాలు?"

"కాలుకేమైంది?" అన్నాడు శ్రీకాంత్.

అక్కా, అతను నటించలేదు. నిజంగానే అడిగాడు. "మంచిగనే నడుస్తున్నవ్ గద" అని కూడా అన్నాడు.

మూడేళ్లప్పుడు జ్వరానికి వేసిన సూదితో నా ఎడమ కాలు సన్నబడిపోయిన సంగతి మనింట్లో అందరికీ తెలుసు. నడుస్తాను, మెట్లెక్కుతాను. కానీ ఆ పాదంతో దేన్నీ గట్టిగా తొక్కి పట్టుకోలేను. అందుకే నా జీతంతో, ఏరికోరి ఆ కారు కొన్నాను. దాంట్లో క్లచ్ తొక్కడానికి, గేరు మార్చడానికి మోటరుతో నడిచే చిన్న యంత్రం ఉంటుంది. నా ఎడమ కాలు చేయలేని పని అది చేసేది. బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ కుడికాలి పనే. మేడ్చల్ వచ్చిన నాలుగేళ్లలో ఈ ఊళ్లో నాది అనుకున్నది ఆ కారు ఒక్కటే. నన్ను ఒకరు దింపాలి, ఒకరు తీసుకురావాలి అనే మాట లేకుండా చేసింది అది. ఆ యంత్రాన్నే వీళ్లు విప్పి పారేశారు.

శ్రీకాంత్‌కు తెలియక కాదు. పెళ్లయిన మూడో రోజే అంతా చెప్పాను. నేను చీర కుచ్చిళ్లు కిందికి కట్టి, పొడుగు ప్యాంట్లు వేసి, అడుగు కుదురుగా వేసి, అలసిపోయినా చెప్పకుండా నాలుగేళ్లు నడిచిన నడకకు ఫలితం ఏమిటంటే, నా మొగుడికే నా కాలు గుర్తులేకుండా పోయింది.

తర్వాతి ఆదివారం నన్ను కాలనీ వెనక ఖాళీ ప్లాట్లలోకి తీసుకుపోయారు. నాకూ పంతం వచ్చింది. ప్రయత్నించాను. క్లచ్ సగం దాకా వెళ్లేది, అక్కడ మోకాలు వణికేది, పాదం జారేది. కారు ఎగిరిపడి ఆగిపోయేది. చివరిసారి వెళ్లి ప్లాటు హద్దురాయిని గుద్దింది.

"కాలు కాదు, భయం," అన్నాడు మహేందర్ బావ వెనక సీట్లోంచి. "ఆడోళ్లకు క్లచ్ అంటేనే భయం."

"ఇడిసిపెట్టన్నా," అన్నాడు శ్రీకాంత్. నా వైపు తిరిగి "ఇగ నేనే నడిపిస్త తీయ్. నువ్వు పక్కన కూసో, రాణి లెక్క" అన్నాడు. మంచి మాట చెబుతున్నాననుకున్నాడు.

రాణి లెక్క ఎట్లా కూర్చున్నానో విను. శ్రీకాంత్ పని కుత్బుల్లాపూర్‌లో, నాది షామీర్‌పేట అవతల విత్తనాల కంపెనీ ల్యాబ్‌లో. ఒకటి ఆ మూల, ఒకటి ఈ మూల. అతనికి వారానికో షిఫ్టు. మొదటి రెండు రోజులు దింపాడు, మూడో రోజు నుంచి కుదరలేదు. కారు వాకిట్లో, నేను రోడ్డు మీద. షేర్ ఆటోలో ఇరుక్కుని కొంత దూరం, బస్సు కోసం నిలబడి కొంతసేపు, దిగాక నడక. సాయంత్రానికి ఎడమ మడమ వాచేది. వేడినీళ్లలో పెట్టుకుంటే శ్రీకాంత్ చూసేవాడు, ఏమీ అడిగేవాడు కాదు.

ఇది వానాకాలం పంటకు ముందు రోజులు, ల్యాబ్‌లో ఊపిరాడని పని. తడి కాగితాల మీద గింజలు పేర్చి, మొలకలు వచ్చాక ఎన్ని బాగా వచ్చాయో చూడాలి. ఏ రోజు చూడాల్సింది ఆ రోజే చూడాలి. ఒకరోజు బస్సు రాక బాగా ఆలస్యమైతే నా ట్రేలు ఇంకొకామె చేత చూపించారు. ఎవరూ తిట్టలేదు. "ఇంటి దగ్గర ఏమన్నా ఇబ్బందా మేడమ్" అని మెల్లగా అడిగారు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి అన్నం పెడుతూ శ్రీకాంత్‌ను అడిగాను, బండిలోంచి తీసినవి ఏం చేశారని. సుచిత్ర చౌరస్తా దగ్గర పాత సామాన్లు అమ్మే ఖాజా భాయికి ఇచ్చేశామన్నాడు. మర్నాడు సెలవు పెట్టి ఒక్కదాన్నే పోయాను.

ఖాజా భాయి పెద్దమనిషి. తెల్ల గడ్డం, రేకుల షెడ్డు, చుట్టూ గేరుబాక్సుల కుప్పలు. నేను చెప్పింది విని లోపలికి వెళ్లి, గోనెపట్టా కింది నుంచి నా యంత్రాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక బ్యాటరీకి తగిలించి చూశాడు. అది చిన్నగా గుర్రుమంది.

"బేటీ, గిది ఖరాబైందని ఎవరన్నరు?"

"మా బావ."

"మోటరు మంచిగ తిరుగుతాంది. గీ పైపు జూడు." వేలంత రబ్బరు పైపు, పక్కన చీలింది. "గిక్కడి నుంచి ఆయిల్ కారిపోయింది, అందుకే బండి ఆగింది. పైపు మారిస్తే అయిపోయేది. గింత దానికి బండి మొత్తం ఇప్పిండ్రా?"

నాకు అక్కడే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి బాధతో వచ్చినవి కావు అక్కా. వేలంత పైపు. చూడాలనుకుంటే కనబడేది. మహేందర్ బావకు చూడాలని లేదు, గేర్ల బండి చేసి చూపించుకోవాలని ఉంది. అంతే.

"ఇది నాకు వాపసు కావాలె భాయ్," అన్నాను.

"తీస్కపో బేటీ. కని తెల్వనోడు బిగిస్తే మళ్ల ఖరాబైతది. నేనొచ్చి బిగిస్త."

"మీరు వచ్చి చెప్పుండ్రి చాలు. ఇప్పినోళ్లే బిగించాలె."

గోనెపట్టాలో చుట్టి ఆటోలో తెచ్చి వాకిట్లో దించాను. శనివారం కావడంతో మహేందర్ బావ కూడా వచ్చి ఉన్నాడు. పైపు సంగతి చెప్పాను. ఆయన పైపును చేతిలోకి కూడా తీసుకోలేదు.

"మళ్ల ఇప్పాల్నా? ఆరు దినాల మా మెహనత్ అంత ఏం గావాలె?" అన్నాడు. "నీ మొగడు నడిపిస్తనంటున్నడు గద. నీకింకేంది?"

నేను ఇంటి మెట్టు మీద కూర్చుని ఎడమ కాలి ప్యాంటు మోకాలి దాకా పైకి మడిచాను. కుడిది కూడా మడిచాను. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టాను.

"చూడుండ్రి," అన్నాను.

"స్వప్నా, లోపలికి రా," అన్నాడు శ్రీకాంత్ గేటు వైపు చూస్తూ. "ఎవలన్న చూస్తరు."

"చూడనీ. నాలుగేండ్లు ఎవరూ చూడొద్దనే దాచిన. నువ్వు సుత మర్చిపోయేటట్టు దాచిన. ఇగ దాచ."

మహేందర్ బావ తల తిప్పుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు. శ్రీకాంత్ వచ్చి కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"తెల్వక కాదు స్వప్నా," అన్నాడు. "యాదికి రాలే."

"యాదికి రాకపోవుడే నా కోపం," అన్నాను.

నేను ఓదార్చలేదు. నువ్వైతే ఓదార్చేదానివి.

రెండు ఆదివారాలు పట్టింది. ఖాజా భాయి కుర్చీ వేసుకుని చెప్పడం, శ్రీకాంత్ కారు కింద పడుకుని చేయడం. నేను పక్కనే నిలబడి ఏది ఎక్కడ బిగించాలో చూశాను. తెలియనిది అడిగాను. ఇప్పుడు నా కారులో ఏది ఏమిటో నాకు తెలుసు. గేర్ రాడ్డు పోయింది, ఖాజా భాయి తెచ్చిచ్చిన పాత కంప్యూటర్ వచ్చింది, కొత్త పైపు పడింది. చివరికి మూడో పెడల్ విప్పి శ్రీకాంత్ నా చేతికిచ్చాడు. నేను ఖాజా భాయి సంచిలో వేశాను.

సోమవారం నేనే నడుపుకుంటూ షామీర్‌పేట పోయాను. వాన పడుతోంది. పక్క సీట్లో టిఫిన్ డబ్బా తప్ప ఎవరూ లేరు. ల్యాబ్‌కు అందరికంటే ముందు చేరాను.

శ్రీకాంత్ ఈ మధ్య పొద్దున్నే లేచి చాయ్ పెడుతున్నాడు. "ఇంక కోపమేనా?" అని అడుగుతాడు. "ఔ" అంటాను. చాయ్ తాగుతాను. మంచివాడే అక్కా, కాదని రాయడం లేదు. మంచివాడు కాబట్టే ఇంత కోపం. పక్కన వాళ్ల అన్న ఉంటే నేను రెండుసార్లు చెప్పిన మాట కూడా అతనికి వినబడలేదు. అది అంత తొందరగా పోదు.

ఇక నీ వంతు. పెళ్లిచూపుల నాడు నా కుచ్చిళ్లు నేలకు తగిలేలా కట్టింది నువ్వే. "మెల్లగ నడువు, ఎవలకూ తెల్వది" అని చెవిలో చెప్పింది నువ్వే. నా మంచికే చెప్పావు. ఆ మంచి నాకు చాలా చెరుపు చేసింది. నువ్వు బాధపడతావని తెలిసే రాస్తున్నాను. మహేందర్ బావ మీకు ఫోన్ చేసి నాకు పొగరెక్కిందని చెప్పవచ్చు. ఆయన కాలు సంగతి ఎత్తితే మాట దాటేయకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పు, పెద్దబావకూ అదే చెప్పి ఉంచు.

ఒక్క పని చేసిపెట్టు. చిన్నప్పుడు నన్ను తిప్పిన ఆసుపత్రుల కాగితాలు నాయిన ఒక కవర్లో పెట్టి నీకిచ్చాడు. పెళ్లికి ముందు ఎవరి కంటా పడొద్దని బీరువా అడుగున పెట్టావు. వాటిని రిజిస్టర్ పోస్టులో పంపు. వికలాంగుల సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేస్తున్నాను. డాక్టర్లు ఎట్లాగూ పరీక్ష చేస్తారు, కానీ పాత కాగితాలు ఉంటే మంచిదన్నారు. బండి కాగితాల్లో కూడా రాయించుకుంటాను, ఇది ఈమె కాలికి తగిన బండి అని. ల్యాబ్‌లో ఎత్తు కుర్చీ కావాలని అడిగాను, ఎందుకో కూడా చెప్పాను. మరుసటి రోజే వేశారు. అక్కా, అడగడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

నా గురించి దిగులు పెట్టుకోకు. తింటున్నాను, నిద్రపోతున్నాను. పెద్దబావకు, మీ అత్తమ్మకు నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. సెలవులకు వాళ్లను పంపు, కారులో చెరువు కట్ట దాకా తిప్పుతాను.

మీ అందరి దీవెనలు కోరుతూ, ఇంకా కోపంగానే,

నీ చెల్లెలు
స్వప్న