మూడోదీ లెక్కలోకొచ్చింది

హల్, ఇంగ్లండ్, బుధవారం

అమ్మా, అందరం కులాసాయే, మంచి కబురు చెప్పాలి. ఇవాళ బడి వంటింట్లో పనిలో ఉండగా రేడియోలో బడ్జెట్ చెప్పారు. ఇద్దరు పిల్లలకే సర్కారు సాయమన్న నిబంధన ఎత్తేశారు! ఏప్రిల్ నుంచి మన మూడోది టిల్లీకీ వస్తుంది. గరిటె పట్టుకునే ఏడ్చేశాను. "గ్రేవీలో ఉప్పెక్కువైపోతుందే, అవతలికి పో" అని పెద్ద వంటావిడ మావిస్ కసిరింది, తనూ కళ్ళు తుడుచుకుంటూ.

నువ్వు హీటరు ఆపుకుని చలిలో కూర్చోకు. టిల్లీ స్వెట్టరు ఎంతవరకు అల్లావు?

సాయంత్రం టిల్లీ బల్లమీద మూడు పళ్ళేలు పెట్టి, నాలుగోది చేత్తో పట్టుకుని, "నేను లెక్కలోకొచ్చాగా, మరి నువ్వెప్పుడొస్తావమ్మా?" అంది. బడిలో తినొచ్చానని రోజూ నేను చెప్పేది అబద్ధమని దానికి ఎప్పుడో తెలుసట. ఇవాళ పిల్లలతో కలిసి కడుపునిండా తిన్నాను.

నీ జోస్లిన్