పెరుగన్నం మీద నెపం

నెల్లూరు,
1961 సెప్టెంబరు 14, గురువారం.

మహారాజశ్రీ బావగారు హజరత్తయ్యగారి సముఖమునకు, మీ బావమరిది పద్మనాభయ్య నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమమని రాయడం మర్యాద. కానీ నా చెల్లెలు, అంటే నీ భార్య కామాక్షమ్మ, ఆసుపత్రి మంచం మీద పసుపుకొమ్ములా పడి ఉంది కాబట్టి ఆ అబద్ధం రాయను. నువ్వు క్షేమమేనని నీ ఉత్తరంలో తిట్ల జోరు చూస్తేనే తెలిసింది. మర్యాద ఇంతటితో సరి. ఇక నువ్వు అనే రాస్తాను.

ఆదివారం నాటికి కామాక్షిని తెచ్చి నీ గడప ముందు దించకపోతే ఈ జన్మలో నా మొహం చూడనన్నావు. అది నాకు శిక్షో బహుమానమో నువ్వే తేల్చుకో. నేను మాత్రం ఆమెను తీసుకురాను. నీ పెళ్ళాన్ని ఎత్తుకుపోయిన దొంగనని మీ కోట ఊళ్ళో బస్సు దిగిన ప్రతివాడికీ చెబుతున్నావట. చెప్పుకో. అవును, నేనే తీసుకొచ్చాను. అదీ దొంగచాటుగా కాదు. మొన్న ఆదివారం పొద్దున నీ పసరు కోసం జనం పరగడుపున నీ అరుగు మీద వరసగా కూర్చున్న వేళ, వాళ్ళ కళ్ళెదుటే బండి కట్టించాను. కామెర్లకు మందిచ్చే ఇంటి ఇల్లాలే కామెర్లతో ఆసుపత్రికి పోతుంటే వాళ్ళు నోళ్ళు తెరిచారు. నువ్వు గిన్నె చేత్తో పట్టుకొని నిలబడిపోయావు. ఆ వేళను ఎంచుకొన్నది నేనే. అందుకు నాకు ఏ విచారమూ లేదు.

అసలు ఏం జరిగిందో నీకు నువ్వే ఒకసారి చెప్పుకో. నీకు చేతకాకపోతే నేను చెబుతాను. కామాక్షికి అన్నం తిన్నాక కుడి డొక్కలో నొప్పి రావడం ఈనాటిది కాదు. వాయువన్నావు, వామునీళ్ళు తాగించావు. ఈ వర్షాలు మొదలైనప్పుడు కళ్ళు పచ్చబడ్డాయి. మీ తాత నాటి నుంచి వస్తున్న నేల ఉసిరి పసరు మజ్జిగలో కలిపి పోశావు. ఉప్పు లేదు, నూనె లేదు, చప్పిడి పెరుగన్నమే పత్యం అన్నావు. పచ్చదనం తగ్గలేదు. ఒళ్ళంతా దురద, రక్తం వచ్చేలా గోక్కుంది. దొడ్డికి సరుగుడు తోపు దాకా నడిచే ఓపిక పోయి, పెరట్లోనే బేసిన్ పెట్టుకొనే స్థితికి వచ్చింది.

నేను చూడటానికి వచ్చిన రోజున మీ పనిమనిషి ముసలమ్మ ఆ బేసిన్ మీద బూడిద చల్లి బయటికి తీసుకుపోతోంది. ఆగమన్నాను. చూశాను. గోడకు పూసే సుద్దలా తెల్లగా ఉంది. ఇది మామూలు సంగతి కాదు బావా అన్నాను. నువ్వు ఏమన్నావో గుర్తుందా? తినేది పెరుగన్నమైతే తెల్లగా కాక నల్లగా పోతాదా అబ్బయ్యా అన్నావు. అరుగు మీద వాళ్ళు నవ్వారు. అది చాలలేదు నీకు. మా బావమరిది కంపెనీ గుమస్తాగిరీ చేసినన్నాళ్ళూ పుస్తకాలు చదివినాడు, అవి అయిపోయి ఇప్పుడు దొడ్లో చదవను దిగినాడు అన్నావు. వాళ్ళలో మస్తానయ్య అనేవాడికైతే పొలమారింది, అంతగా నవ్వాడు.

నవ్వండి. గూడూరు అభ్రకం కంపెనీలో చాకిరీ చేస్తూ నేను చదివినవన్నీ కావ్యాలు కావు. దొరలు వదిలిపోయిన వైద్య గ్రంథాలు కూడా చదివాను. అందులో ఉన్నది నీకు నీ పొలం భాషలోనే చెబుతాను. కాలేయంలో పైత్యరసం ఊరుతుంది. అది సన్నటి గొట్టం గుండా పేగులోకి దిగుతుంది. మన మలానికి ఆ గోధుమ రంగు ఇచ్చేది ఆ పైత్యరసమే, తిన్న తిండి కాదు. తూముకు రాయి అడ్డం పడితే కింద మడికి నీళ్ళు అందవు, పైన కాలవ గట్టు తెంచుకొంటుంది. ఆమె గొట్టంలో రాయి పడింది. రంగు కిందికి దిగక మలం తెల్లబడింది. దిగవలసిన రంగు నెత్తురులోకి పొర్లి కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం చిక్కటి కాఫీ డికాషన్‌లా మారింది. ఇక్కడి డాక్టరమ్మ కూడా ఇదే చెప్పింది. పెరుగన్నం తిని పెరిగిన పసిపిల్లలు ఊరి నిండా ఉన్నారు. వాళ్ళలో ఎవరికి సుద్దలా పోయిందో ఒక్కరిని చూపించు.

ప్రతి రంగుకూ బెంబేలు పడమని నేను చెప్పను. ఆకుకూర ఎక్కువ తింటే ఆకుపచ్చగా పోతుంది. ఒకసారి మద్రాసు హోటల్లో బీట్‌రూట్ కూర మారు వడ్డించుకొని తిని, మర్నాడు ఆ ఎరుపు చూసి వీలునామా రాయడానికి కూర్చున్న వెధవను నేనే. కానీ మా నాన్న సంగతి నవ్వులాట కాదు. నీరసంగా ఉన్నాడని నువ్వు లోహభస్మం పంపావు. నల్లగా పోతున్నదంటే, భస్మం రంగు మామా, మందు ఒంటికి పడతా ఉండాది అన్నావు. భస్మం తిన్నా నల్లగానే పోతుంది, ఒప్పుకొంటాను. అయితే జువ్వలదిన్నెలో పడవలకు పూసే తారులా జిగటగా, ఇల్లంతా కంపు కొట్టేలా పోతే అది లోపలి పుండు నుంచి కారిన నెత్తురు. ఆయన గోడలా పాలిపోయి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఆ తేడా నీకు తెలియకపోవడం తప్పు కాదు బావా. తెలిసినవాణ్ణి అడుగుదామంటే ఆనాడు అడగనివ్వలేదు. అది తప్పు. ఆ లెక్క నేను మరిచిపోలేదు.

నీ మందంతా మోసమని కూడా అనను. కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. తగ్గినవాళ్ళు కొబ్బరికాయతో నీ గుమ్మానికి వస్తారు. తగ్గనివాళ్ళు రారు, రాలేరు. నువ్వు ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. నీ బలం అదే, మా ఖర్మా అదే. డబ్బు తీసుకొనే వైద్యుణ్ణి ఎందుకు తగ్గలేదని నిలదీయొచ్చు. ఊరికే ఇచ్చేవాణ్ణి ఎవడు అడుగుతాడు? నీ ఇంటి మనిషి ఆసుపత్రికి పోతే నీ హస్తవాసి పోతుందన్నావు. నీ చేతి పేరు నిలబడటానికి నా చెల్లెలి ప్రాణం పత్యం పెట్టాలా?

ఇక్కడ రెబెక్కమ్మ అనే నర్సు ఉంది. పొద్దున్నే వార్డంతా దద్దరిల్లేలా, ఏం కామాక్షమ్మా, ఈ పూట ఏ రంగు అని అడుగుతుంది. మొదటి రోజు నీ భార్య సిగ్గుతో కొంగు మొహాన కప్పుకొంది. ఇప్పుడు పక్క మంచం ఆమెకు సందేహాలు తీరుస్తోంది.

రేపు కోస్తారు. రాయి తీసేస్తే గొట్టం తెరుచుకుంటుందట. అయితే కామెర్లు ముదిరినందువల్ల నెత్తురు గడ్డకట్టే గుణం తగ్గింది, అందుకు సూదులు వేస్తున్నారు. మనిషి బలహీనంగా ఉంది, పూచీ ఇవ్వలేమని డాక్టరమ్మ నా మొహం మీదే చెప్పింది. ఇంకా ముందే తీసుకురావలసింది అని కూడా అంది. ఆ మాట నీకు చేరవేస్తున్నాను, దాచుకో. రావాలనిపిస్తే రా. గొడవకు వస్తే ఆసుపత్రి గేటు దగ్గరే నేను ఉంటాను. ముసలివాణ్ణే గానీ చేతికర్ర ఉంది.

ఇట్లు,
నీకు తల వంచని బావమరిది,
పద్మనాభయ్య.

తా.క. ఈ ఉత్తరం కామాక్షికి చదివి వినిపించాను. సంతోషిస్తుందనుకొన్నాను. ఏందినా ఇది, అంతా నువ్వే చేసినట్టు రాసుకున్నావే, నిజం రాయి అని కసిరింది. రాయకపోతే రేపు బల్ల ఎక్కనంటోంది. నింద నా మీదే ఉంటే నయమయ్యాక తిరిగి నీ ఇంట అడుగుపెట్టడం ఆమెకు సులువవుతుందని అలా రాశాను. ఆమెకు ఆ సులువు అక్కరలేదట.

బండి కట్టించింది నేను కాదు. శనివారం రాత్రి ముసలమ్మ చేత బండివాడికి కబురు పంపి ఆమే కట్టించుకొంది. చీకటితోనే పోదాం, ఎవరూ చూడరు, బావ పరువు దక్కుతుంది అని బతిమాలినవాణ్ణి నేను. వద్దునా, తెల్లారినాకే పోదాం, అరుగు మీద కూర్చున్నోళ్ళలో నా మాదిరి తెల్లగా పోయేవాళ్ళు ఎవరన్నా ఉంటే వాళ్ళూ చూడాల, వాళ్ళూ బండి కట్టుకోవాల అన్నది ఆమె.

ఇక్కడ కోతకు భర్త సంతకం కావాలన్నారు. నేను నీకు తంతి ఇద్దామని లేచాను. ఆమె కాగితం లాక్కొని తన పేరు తనే రాసింది. నీకు ఈ మాట రాయమంది: రేపు నేను పోతే, అన్న తీసకపోయి చంపినాడని నువ్వు అనబాక. నీ పసరు చంపిందని అన్ననూ అననీను. నా కడుపు, నేను చూసుకున్నా. నేనే వచ్చినా.